ప్రశ్నకు జవాబు చెప్పడం మానేశాక

ఒక వారం రోజులు నా టేబుల్ మీద తెల్లకాగితం పెట్టుకుని గీతలు గీశాను. ఎవరైనా వచ్చి "మేడమ్, ఇది ఏ హెడ్‌లో వేయమంటారు?" అని, అంటే ఏ పద్దు కింద రాయాలని, అడిగితే ఒక గీత. "మేడమ్, క్లయింట్ లైన్‌లో ఉన్నారు, ఏం చెప్పమంటారు?" అంటే ఇంకో గీత. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. శనివారం సాయంత్రం లెక్కపెడితే 61 వచ్చాయి.

క్లయింట్ల లెక్కలు రాసే మా ఆఫీసులో 14 మందిమి ఉన్నాం కాబట్టి 61 మరీ పెద్ద సంఖ్యేం కాదు. నాకు గుచ్చుకున్నది వేరే. ప్రతి గీత పక్కనా ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో రాసుకున్నాను. తిరిగి చదువుకుంటే, నేను నిజంగా ఆలోచించి చెప్పాల్సి వచ్చినవి తొమ్మిదో పదో. మిగతా వాటికి జవాబు అడిగినవాళ్లకే తెలుసు. కొన్నిటికైతే నాకన్నా బాగా తెలుసు. తెలిసీ అడిగారు. నేను చెప్తే అది నా నిర్ణయం అవుతుంది, రేపు తేడా వస్తే నా తప్పు అవుతుంది.

ఈ లెక్క మొదలుపెట్టడానికి కారణం అంతకు ముందు నెల వచ్చిన జ్వరం. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఐదో రోజు ఆఫీసుకు వెళ్తే 23 క్లయింట్ల పని ఆగిపోయి ఉంది. నా సంతకం కోసం కాదు, నా మాట కోసం. ఒక ఫైలు మీద చీటీ అంటించారు: "మేడమ్ వచ్చాక అడగాలి." తీసి చూస్తే అది బ్యాంకు ఛార్జీల ఎంట్రీ. అదే బ్యాంకు, అదే ఛార్జీ, పోయిన నెలా ఉంది, అంతకు ముందు నెలా ఉంది. ఆ చీటీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆ చీటీ రాయడం వాళ్లకు నేర్పింది ఎవరని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

మా పనిలో ఒక చిక్కు ఉంది. బుక్‌కీపింగ్‌లో చేరిన మొదటి రోజు నుంచే మేం నేర్పేది ఒకటే: సందేహం వస్తే ఆగు, అడుగు, సొంత తెలివి చూపించకు. వోచర్ లేకుండా ఎంట్రీ వేయకు. పోయిన నెల ఎలా వేశారో చూడు, అలాగే వెయ్యి. అది సరైన పాఠమే, కాదనను. అంకెలతో పనిచేసేచోట సొంత పైత్యం పనికిరాదు. కానీ ఐదేళ్లు అలా పెంచిన మనిషిని ఒకరోజు పిలిచి "నువ్వు చొరవ ఎందుకు చూపించవు?" అని అడుగుతాం. చొరవ చూపిస్తే తిట్టిన నోటితోనే.

జ్వరం తగ్గిన ఊపులో నేను చేసిన మొదటి పని అందరూ చేసేదే. ఆఫీసులో అందరికన్నా బాగా పనిచేసే మనిషిని టీమ్ లీడర్‌ని చేశాను. ఆవిడ ఏడేళ్లుగా నాతో ఉంది. స్టేట్‌మెంట్ మీద చూపుడువేలు పెట్టి కిందకి లాగుతూ పోతే తప్పున్న లైను దగ్గర వేలు తనంతట తానే ఆగిపోతుంది. అలాంటి మనిషి చేతికింద నలుగురు జూనియర్లను పెట్టి, జీతం కొంచెం పెంచి, ఇక నిశ్చింతగా ఉండొచ్చు అనుకున్నాను.

మూడో నెలకి ఆఫీసు తాళం వేసేది ఆవిడే అయింది. జూనియర్లు ఆరింటికి బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయేవారు. ఆవిడ తొమ్మిది దాకా కూర్చుని వాళ్లు చేసినదంతా మళ్లీ చేసేది. పొద్దున వాళ్లొచ్చేసరికి తప్పులు ఉండేవి కావు, తప్పు చేశామన్న సంగతి కూడా వాళ్లకు తెలిసేది కాదు. ఒకరోజు లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి "మేడమ్, నా పాత పని నాకు ఇచ్చేయండి. జీతం తగ్గించినా పర్వాలేదు" అంది. చేతకాలేదని చెప్పుకోవడానికి ఆవిడకి ఎంత కష్టమైందో మొహంలో కనిపించింది. నేను పెద్దగా ఓదార్చలేదు కూడా. లోపల నిరాశగా ఉంది.

ఆ రాత్రి ఇంటి దగ్గర లాప్‌టాప్ తెరిచి, ఎవరో చేసిన రికన్సిలియేషన్‌లో (రెండు చోట్ల ఉన్న లెక్కల్ని సరిపోల్చి చూసే పని) మూడు తప్పులు నా చేత్తో సరిచేసి సేవ్ చేస్తుంటే తట్టింది. ఆవిడ మూడు నెలలు చేసింది అచ్చంగా ఇదే. నేను 11 ఏళ్లుగా చేస్తున్నది ఇదే. పెద్దవాళ్లంటే రాత్రిళ్లు కూర్చుని అందరి తప్పులూ చెప్పకుండా దిద్దేవాళ్లని ఆవిడ నన్ను చూసే నేర్చుకుంది.

రెండో ప్రయత్నం గురించి పెద్దగా చెప్పను. బయటి నుంచి ట్రైనర్‌ని పిలిపించి రెండు రోజులు నాయకత్వం మీద క్లాసు పెట్టించాను. పేపరు కప్పులతో గోపురాలు కట్టారు, కళ్లకు గంతలు కట్టుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు, బాగా నవ్వుకున్నారు. సర్టిఫికెట్లు ఇచ్చారు. సోమవారం పొద్దున పది గంటల ఐదు నిమిషాలకు మొదటి ప్రశ్న వచ్చింది: "మేడమ్, ఇది ఏ హెడ్‌లో వేయమంటారు?"

ఆ రోజే ఒక రూలు పెట్టాను. ప్లాన్ చేసి పెట్టింది కాదు, విసుగులో నోట్లోంచి వచ్చింది. "అడగండి, వద్దనను. కానీ ప్రశ్న ఒక్కటే తీసుకురావద్దు. నేను ఆఫీసులో లేకపోతే మీరేం చేసేవారో అది కూడా చెప్పండి."

మొదటి వారం ప్రశ్నలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. పని చేస్తోంది అనుకుని మురిసిపోయాను. నిజానికి జవాబు చెప్పడానికి భయపడి పక్క సీటువాళ్లని గుసగుసగా అడుగుతున్నారని తర్వాత తెలిసింది. రెండో వారంలో ఒక కుర్రాడు వచ్చాడు. ఒక క్లయింటు ఏడాదికి సరిపడా బీమా ప్రీమియం ఒకేసారి కట్టారు. దాన్ని ఏం చేయాలని. నేను నోరు తెరవకుండా చూస్తూ కూర్చున్నాను. అతను కాసేపు కాళ్లు మార్చుకుని నిలబడి "ప్రీపెయిడ్‌లో పెట్టి 12 భాగాలు చేద్దాం మేడమ్" అన్నాడు. పుస్తకంలో ఉన్న జవాబే: ముందే కట్టిన ఖర్చును నెలకు కొంత చొప్పున చూపించడం. ఎందుకని అడిగాను. ప్రీమియం 12 నెలలకు సంబంధించింది కాబట్టి అంటాడనుకున్నాను. అలా అనలేదు. "ఈయన నెలనెలా లాభనష్టాల స్టేట్‌మెంట్ చూసుకుంటారు మేడమ్. మొత్తం ఒకే నెలలో వేస్తే ఆ నెల నష్టం కనిపిస్తుంది. కంగారుపడి ఫోన్ చేస్తారు. పోయినేడు అలాగే చేశారు" అన్నాడు.

పోయినేడు ఆ ఫోన్ ఎత్తింది నేను. ఈ కుర్రాడు ఆ మాటలు తన సీట్లోంచి విని గుర్తుపెట్టుకున్నాడు. ఏడాదిగా ఆ సంగతి అతని దగ్గరే ఉంది, నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి బయటికి రాలేదు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి "మరి ఈసారి ఇలాంటిది వస్తే అడగక్కర్లేదా?" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. ఏవి అడగాలో, ఏవి అడగక్కర్లేదో ఎక్కడా రాసి లేదు. అంతా నా మూడ్ మీద నడుస్తోంది. నేను చిరాకుగా ఉన్న రోజు అడిగితే "ఇది కూడా నన్నే అడగాలా?", అడగకుండా చేసిన రోజు "ఎవర్ని అడిగి చేశావు?"

అప్పుడు కూర్చుని అందరం కలిసి ఒక పట్టిక రాసుకున్నాం. చేసేయాల్సినవి, చేసి చెప్పాల్సినవి, చెప్పి ఒప్పించాకే చేయాల్సినవి. నెలనెలా వచ్చే ఖర్చులు, ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మార్పులు మొదటి దాంట్లో పడ్డాయి. కొత్త హెడ్ తెరవడం, క్లయింటుకి గడువు చెప్పడం రెండో దాంట్లో. మూడో దాని మీద చాలాసేపు వాదులాడుకున్నాం. లెక్కలు ముగించి లాక్ చేసిన నెలను మళ్లీ తెరవడం, రాని బాకీని రద్దు చేయడం, సప్లయర్ బ్యాంకు ఖాతా నంబరు మార్చడం అందులో పెట్టాం. ఆఖరిది మరీ ముఖ్యం. "మా బ్యాంకు మారింది, ఇకమీదట ఈ ఖాతాకు పంపండి" అని సప్లయర్ పేరుతో దొంగ మెయిల్ రావడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన మోసం. అలాంటిది వస్తే మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇక్కడ ఒక సీనియర్ నొచ్చుకున్నాడు. అతని అభ్యంతరం పేమెంట్ల గురించి. ఎంట్రీ వేసినవాళ్లు పేమెంట్ ఆమోదించకూడదు అనే పద్ధతి మా దగ్గర మొదటి నుంచీ ఉంది. "బాధ్యత తీసుకోమంటారు, మళ్లీ నమ్మరు" అన్నాడు. ఆ మాటకు ఆఫీసంతా నిశ్శబ్దమైపోయింది. నేను సాఫ్ట్‌వేర్‌లో నా లాగిన్ తెరిచి చూపించాను. నేను వేసిన ఎంట్రీకి నేను ఆమోదం ఇద్దామంటే బటన్ పనిచేయదు. "నన్నే నమ్మదు ఇది" అన్నాను. నవ్వారు. నాయకత్వం నేర్పుతున్నామన్న ఉత్సాహంలో ఈ ఒక్క గోడా కూల్చకూడదని ఇప్పటికీ అనుకుంటాను. అది మనుషుల మీద అనుమానంతో కట్టింది కాదు. ఒకరి కంట పడనిది ఇంకొకరి కంట పడాలి, అంతే.

పట్టిక గోడ మీద అంటించాక రాత్రిళ్లు దిద్దడం మానాలని నిర్ణయించుకున్నాను. ఇది మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. రివ్యూలో తప్పు కనిపిస్తే సరిచేయను, ఇదీ తప్పు అని కూడా చెప్పను. ప్రశ్న మాత్రం రాసి వెనక్కి పంపుతాను.

మొదట పంపిన వాటిలో ఒకటి బాగా గుర్తు. సప్లయర్ పంపిన స్టేట్‌మెంటుకీ మా లెడ్జర్‌కీ 2,700 తేడా ఉంది. చేసింది అప్పటికి ఎనిమిది నెలల క్రితం చేరిన అమ్మాయి. ఆఫీసులో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. మీటింగుల్లో గోడకు ఆనుకుని నిలబడుతుంది, పేరు పెట్టి పిలిస్తే తప్ప మాట్లాడదు. నాకు చూడగానే తెలిసిపోయింది. 2,700ని 9తో భాగిస్తే శేషం లేదు. రెండు అంకెలు తారుమారైనప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ అలాగే ఉంటుంది. పాత అకౌంటెంట్లందరికీ తెలిసిన చిట్కా. రెండు నిమిషాల పని. కానీ నోరు మూసుకుని "ఈ 2,700 చూస్తే నీకేమనిపిస్తోంది?" అని మాత్రం రాసి పంపాను.

అద్దం లోంచి ఆమె సీటు కనిపిస్తుంది. పది నిమిషాలు బిల్లులన్నీ ఒక్కొక్కటీ తిరగేసింది. తర్వాత ఆగి, కాగితం తీసుకుని ఏవో భాగహారాలు చేసింది. లేచి నీళ్లు తాగి వచ్చింది. నేను రెండుసార్లు కుర్చీలోంచి లేవబోయి కూర్చున్నాను. 40 నిమిషాలకు వచ్చి బిల్లు నా ముందు పెట్టింది. బిల్లు మీద 8,530. మా పుస్తకంలో 5,830. "9తో పోతోంది మేడమ్, అంకెలు అటూఇటూ అయ్యాయనుకున్నా. ఎక్కడ అయ్యాయో తెలియక మళ్లీ 900తో భాగిస్తే 3 వచ్చింది. అంటే వేల స్థానంలోనూ వందల స్థానంలోనూ ఉన్న అంకెలు చోటు మారాయి, వాటి మధ్య తేడా 3. అలాంటి బిల్లులు రెండే ఉన్నాయి. రెండోది ఇది."

900 సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. 20 ఏళ్లుగా 9 దగ్గరే ఆగిపోయాను.

బుధవారం మధ్యాహ్నం అందరికీ ఇది చెప్పమన్నాను. చెప్తుందో లేదో అనుకున్నాను. చెప్పలేదు. బోర్డు మీద ఒక తేడా అంకె రాసి, పది బిల్లుల జాబితా పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరైనా "చెప్పక్కా" అంటే తల అడ్డంగా ఊపింది. ఆరు నిమిషాల్లో ఇద్దరు పట్టుకున్నారు. నేను ఏడాది పాటు చేతులు కట్టుకోవడం నేర్చుకుంటుంటే ఆ అమ్మాయికి అది పుట్టుకతో వచ్చినట్టుంది. టీమ్ లీడర్ కోసం వెతికినప్పుడు నేను ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గలగలా మాట్లాడేవాళ్లనీ, వేగంగా పనిచేసేవాళ్లనీ చూశాను.

ఇలా అంతా సాఫీగా సాగిపోతోందనుకున్న టైములో నేనే చెడగొట్టాను.

ఒక క్లయింటు సప్లయర్‌కి ఒకే బిల్లు మీద రెండుసార్లు డబ్బు వెళ్లింది. మెయిల్‌లో వచ్చిన కాపీని ఒకరు 0087 అని ఎంటర్ చేశారు, తర్వాత కాగితం మీద వచ్చిన అదే బిల్లును ఇంకొకరు 87 అని ఎంటర్ చేశారు. ముందు సున్నాలు ఉన్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండూ వేరనుకుంది. మూడు వారాల తర్వాత ఎంట్రీ వేసిన కుర్రాడే కనిపెట్టి, తనంతట తానే వచ్చి చెప్పాడు. బీమా ప్రీమియం కుర్రాడే. సరిగ్గా మేం కోరుకున్న పని చేశాడు. ఆ రోజు నాకు వేరే టెన్షన్ ఉంది. "మూడు వారాలు ఏం చేస్తున్నావు?" అని అందరి ముందూ అరిచాను.

డబ్బు తిరిగొచ్చింది, సప్లయర్ తర్వాతి బిల్లులో సర్దేశాడు. కానీ ఆ తర్వాత రెండు నెలల పాటు ఆఫీసులో ఒక్క తప్పు కూడా జరగలేదు. అంటే నాకు ఒక్కటి కూడా చెప్పలేదని అర్థం.

హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే టీముల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆవిడ అనుకున్నారు. లెక్కలు చూస్తే వాటిలోనే ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే ఆ టీములు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచుకోకుండా చెప్పుకుంటున్నాయి. ఈ సంగతి నేను చాలాకాలం కిందటే చదివాను. చదివి, బాగుందనుకుని, మర్చిపోయాను. నా ఆఫీసు తప్పుల్లేని ఆఫీసు అయ్యాక గుర్తొచ్చింది.

క్షమించమని ఆ కుర్రాడిని పక్కకు పిలిచి అడగడం తేలిక. అరిచింది అందరి ముందు కాబట్టి అడిగిందీ అందరి ముందే. అతను ఇబ్బందిపడి "పర్లేదు మేడమ్, పర్లేదు" అంటూ కిందకి చూశాడు. దాంతో ఏమీ మారిపోలేదు. మారింది ఒక పుస్తకంతో. మామూలు రూళ్ల నోటుపుస్తకం కొని కాఫీ మెషీన్ పక్కన పెట్టాను. తప్పు, ఎలా బయటపడింది, ఇంకోసారి జరగకుండా ఏం చేశాం. చేసినవాళ్ల పేరు రాయకూడదు. మొదటి పేజీలో నా తప్పు నేనే రాశాను, పేరుతో సహా: ఒక క్లయింటుకి ఏడాది ఆఖర్లో రావాల్సిన కరెంటు బిల్లుకి ప్రొవిజన్ వేయడం (ఇంకా రాని బిల్లును ముందే ఖర్చుగా రాసుకోవడం) మర్చిపోయి, లాభం ఎక్కువ చూపించి పంపాను, వాళ్ల ఆడిటర్ పట్టుకున్నారు. తొమ్మిది రోజులు ఆ పేజీ ఒక్కటే ఉంది. పదో రోజు రెండో పేజీలో రాత కనిపించింది. ఎవరి దస్తూరీయో నాకు తెలుసు, తెలియనట్టే ఊరుకున్నాను. బిల్లు నంబర్లలో ముందున్న సున్నాలన్నీ తీసేసి ఎంటర్ చేయాలన్న రూలు ఆ పుస్తకంలోంచే వచ్చింది. నేను పెట్టింది కాదు.

క్లయింట్లతో మాట్లాడటం ఇంకో ఘట్టం. అప్పటిదాకా మా ఆఫీసులో ఫోన్ అంటే నేనే. మంచి వార్తయినా చెడ్డ వార్తయినా నా గొంతే వినిపించాలి. ముందు నేను మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినడం, తర్వాత వాళ్లు మాట్లాడుతుంటే నేను వినడం, ఆ తర్వాత వాళ్లే మాట్లాడి నాకు చెప్పడం అనుకున్నాం. చెప్పడానికి మూడు మెట్లు, ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఒక క్లయింటు సొంత ఖర్చులూ వ్యాపారం ఖర్చులూ ఒకే కార్డు మీద గీకేస్తారు, బిల్లులు పంపమంటే పంపరు. ఏ ఖర్చో తేలనివి తాత్కాలికంగా పెట్టే సస్పెన్స్ ఖాతాలో ఆ నెల 38 ఎంట్రీలు పేరుకున్నాయి. నేనయితే ఎప్పటిలాగే "సర్, బిల్లులు పంపండి" అని మెయిల్ కొట్టేదాన్ని, ఆయన ఎప్పటిలాగే పంపేవారు కాదు. ఈసారి ఫోన్ చేసింది నేను మొదట టీమ్ లీడర్‌ని చేసి పోగొట్టుకున్న ఆవిడే. చేసేముందు 38నీ పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి పేర్చుకుంది. చూస్తే పై ఆరు ఎంట్రీలలోనే దాదాపు డబ్బంతా ఉంది. ఆ ఆరూ చీటీ మీద రాసుకుని "సర్, ఆరు విషయాలు అడుగుతాను, మీరు సొంతమో వ్యాపారమో చెప్తే చాలు" అంది. ఏడు నిమిషాల్లో అయిపోయింది. ఆయన పెట్టేసేముందు "మిగతావి కూడా చెప్పమ్మా" అన్నారట. ఫోన్ పెట్టేశాక చూస్తే ఆవిడ చెయ్యి వణుకుతోంది. ఏడేళ్ల అనుభవం.

ఆ రోజు నాకు ఒక పాత విషయం స్పష్టమైంది. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ అనే ఇద్దరు నాయకత్వ నిపుణులు 1969 నుంచీ చెప్తూ వచ్చిన మాట ఒకటుంది: అందరికీ ఒకే రకం నాయకత్వం పనికిరాదు, ఎదుటి మనిషి ఆ పనిలో ఎంత సిద్ధంగా ఉన్నారో చూసి పట్టు బిగించాలి లేదా వదలాలి. మనిషిని బట్టి కాదు, పనిని బట్టి. ఈవిడ రికన్సిలియేషన్‌లో నాకే పాఠం చెప్పగలదు, మనుషులతో మాట్లాడటంలో మొదటి రోజు జూనియర్. ఆవిడ సీనియర్ కదా అని నేను అన్నిట్లోనూ ఒంటరిగా వదిలేశాను. ఆవిడ ఓడిపోలేదు, నేను చెయ్యి పట్టుకోవాల్సిన చోట వదిలేశాను.

అన్ని ఫోన్లూ ఇలా ముగియలేదు. ఒక క్లయింటు రెండు మాటలు విని "మీ మేడమ్‌కి ఇవ్వు" అన్నారు. నేను ఫోన్ అందుకున్నాను. అందుకున్న మరుక్షణం ఎదురుగా ఉన్న మనిషి భుజాలు ఎలా జారిపోయాయో చూశాను. ఇప్పుడైతే అందుకోను. "మీ పుస్తకాల సంగతి నాకన్నా తనకే బాగా తెలుసండి" అంటాను. ఆ మాట ఒకరికి నచ్చలేదు, ఏడాది తిరిగేలోపు వేరేచోటికి వెళ్లిపోయారు. నష్టమే.

నేర్పడానికీ ఒక టైము ఉంటుందని ఆలస్యంగా తెలిసింది. ప్రతి నెలా మొదటి పది రోజులు క్లోజింగ్, అంటే పోయిన నెల లెక్కలు ముగించే హడావుడి. అప్పుడు ప్రశ్నకు ప్రశ్న వేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ పది రోజులూ సూటిగా జవాబు చెప్పేస్తాను. 12 నుంచి 22 దాకా ఓపిక. క్లోజింగ్ ఇన్‌చార్జ్ బాధ్యత నెలకొకరికి మారుతుంది: పొద్దున్నే 15 నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం, ఎవరి దగ్గర ఏది ఆగిందో చూడటం, ఎవరి చేతిలో పని ఎక్కువుంటే తీసి ఇంకొకరికి ఇవ్వడం. ఆ మీటింగులో నేను ఆఖరున మాట్లాడాలి. ముందు మాట్లాడితే అది మీటింగు కాదు, ప్రకటన.

అందరూ ఇందులోకి రాలేదు. మాలో అందరికన్నా పెద్దాయన ఒకరున్నారు. తన వంతు వచ్చినప్పుడు "నన్ను వదిలేయమ్మా. అంకెలు చెప్పినట్టు వింటాయి, మనుషులు వినరు" అన్నారు. ముందు బతిమాలాను. తర్వాత ఎందుకు బతిమాలుతున్నానో నాకే అర్థం కాలేదు. చివరి రివ్యూ మొత్తం ఆయనకు అప్పగించి, టీము చూసుకునేవాళ్లతో సమానంగా జీతం పెంచాను. మనుషుల్ని నడిపితేనే పైకి వెళ్లే దారి ఉంటే, నడపడం ఇష్టం లేనివాళ్లు కూడా జీతం కోసం ఆ పనిలోకి వస్తారు, కిందివాళ్లు బాధపడతారు.

బాగా నేర్చుకున్న ఒకతను మానేసి సొంతంగా పెట్టుకున్నాడు. మా క్లయింట్లు ఇద్దరు అతనితో వెళ్లారు. నొప్పి లేదంటే అబద్ధం. ఇందుకా ఇంత కష్టపడి నేర్పింది అని ఒక వారం అందరి మీదా చిరాకుపడ్డాను.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ తెల్లకాగితం పెట్టుకుని గీతలు గీశాను. వారానికి 17. అందులో నిజమైన ప్రశ్నలు పన్నెండు దాకా ఉన్నాయి. అంటే నిజమైన ప్రశ్నలు తగ్గలేదు, కొద్దిగా పెరిగాయి.

ఆ తర్వాతి నెలలో క్లోజింగ్ నడుస్తుండగానే 12 రోజులు సెలవు పెట్టాను. కావాలనే. ఫోన్ రెండుసార్లు మోగింది, రెండూ మూడో గడి విషయాలే. తిరిగి వెళ్లేసరికి నేను 11 ఏళ్లుగా వాడుతున్న రివ్యూ షీటు మారిపోయి ఉంది. బ్యాంకు పైకి వచ్చింది, నేను పైన పెట్టుకున్నవి కిందకి పోయాయి, రెండు కాలమ్‌లు లేనే లేవు. ఒక్క మాట చెప్పలేదే అని చురుక్కుమంది. గోడ మీద పట్టిక చూస్తే షీటు మార్చడం "చేసి చెప్పాల్సినవి"లో ఉంది. రాసింది నేనే.

సెలవుకు ముందు నేను హడావుడిగా ముగించి వెళ్లిన ఒక క్లయింటు ఫైలు వెనక్కి వచ్చి నా టేబుల్ మీద ఉంది. పైన పసుపు చీటీ. గోడకు ఆనుకుని నిలబడే అమ్మాయి దస్తూరీ. ఆ నెల ఇన్‌చార్జ్ తనే.

"మేడమ్, సప్లయర్ స్టేట్‌మెంటుతో 1,480 తేడా ఉంది. చూస్తే మీకేమనిపిస్తోంది?"

9తో పోలేదు. సగం చేస్తే 740. ఒక మొత్తం ఎదురు వైపు పడితే తేడా దానికి రెట్టింపు వస్తుంది. అద్దం అవతల ఆమె తల ఎత్తకుండా పనిచేసుకుంటోంది. కాగితం తీసుకుని 740 కోసం వెతకడం మొదలుపెట్టాను. అరగంట పట్టింది. క్రెడిట్‌లో వేయాల్సింది డెబిట్‌లో వేశాను.